మబ్బు చెట్టుకు క్రాసింగ్

మా అత్తమ్మ మెల్‌బోర్న్‌లో దిగిన మర్నాటికల్లా మా ఇంట్లో రెండు అబద్ధాలు స్థిరపడిపోయాయి. ఒకటి నాది, ఒకటి ఆమెది. నాది ఆమెకు తెలియదని, ఆమెది పచ్చి నిజమని నమ్ముకుంటూ నేను నెల రోజులు హాయిగా తిరిగాను.

నా అబద్ధం నా ఉద్యోగం గురించి. కోడలు పార్కుల ఆఫీసులో చేస్తుందని మా ఆయన శ్రీకర్ పెళ్లికి ముందే వాళ్లమ్మకు చెప్పి పెట్టాడు. అందులో పార్కు నిజం, ఆఫీసు అబద్ధం. నేను మాసిడన్ కొండ మీద ఒక పాత తోటలో పనిచేస్తాను. గుంటలు తవ్వుతాను, నడుముకు తాడు కట్టుకుని చెట్లెక్కుతాను, ఎండుకొమ్మలు రంపంతో కోస్తాను. మాస్టర్స్ చదవడానికి వచ్చి, ఇక్కడే ఉండిపోనిచ్చే పీఆర్ కోసం హార్టికల్చర్ సర్టిఫికెట్ చేసి, పీఆర్ చేతికి రాగానే అందరిలా దాన్ని అటకెక్కించి కంప్యూటర్ ముందు కూర్చోవాల్సిన మనిషిని. ఎందుకో చెట్ల దగ్గరే ఆగిపోయాను. నాకైతే ఏ సిగ్గూ లేదు. ఉన్న సిగ్గంతా శ్రీకర్‌దే.

"సిగ్గు కాదు సాయీ. మట్టి పని అంటే అమ్మ తట్టుకోలేదు. తన పిల్లలు, వాళ్ల పెళ్లాలు ఎండలో పడొద్దని ఆమెకు ఒకటే పట్టు. సిక్స్ మంత్సే కదా, అడ్జస్ట్ అవ్వు ప్లీజ్," అన్నాడు.

అడ్జస్ట్ అయ్యాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఇంట్లోంచి బయటపడేదాన్ని. పని బట్టలు, బూట్లు కారు డిక్కీలో ఉండేవి. సాయంత్రం పెట్రోల్ బంకు బాత్‌రూంలో చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, పేపర్లు మాత్రమే పట్టుకున్న మనిషిలా ఇంటికొచ్చేదాన్ని.

ఆమె అబద్ధం మా పక్కింటి రత్నకుమారి ఆంటీ ముందు బయటికొచ్చింది. ఆంటీది తణుకు. మా వీధిలో ఎవరింటికి కొత్తవాళ్లు వచ్చినా మొదటి కాఫీ ఆవిడ చేతిదే. "ఊళ్లో ఏం చేస్తుంటారండి?" అని అడిగితే, అత్తమ్మ చెంగు సర్దుకుని, "గద్వాల కాడ మాది సీడ్స్ బిజినెస్ అమ్మా. పత్తి విత్తనాలు," అంది. నాకూ పెళ్లిలో ఆ మాటే చెప్పారు. పెళ్లయి నాలుగేళ్లయినా అత్తమ్మా నేనూ కలిసి ఉన్నది మొత్తం పదకొండు రోజులు. అనుమానించడానికి ఆ రోజులు ఏమూలకూ చాలవు.

ఒక్క సంగతి మాత్రం వింతగా తోచేది. అత్తమ్మ ప్రతి ఆదివారం గోర్లు తీసుకుంటుంది. కుడి బొటనవేలి గోరు తప్ప. దాన్ని కొంచెం పెంచి, అంచు గుండ్రంగా అరగదీసి ఉంచుకుంటుంది. ఎందుకత్తమ్మా అంటే, "అలవాటు బిడ్డా," అని చెయ్యి చీరలోకి లాక్కుంది.

ఇక నా చెట్టు సంగతి చెప్పాలి.

మా తోటలో పైన, రోడ్డు మలుపు దగ్గర ఒక ఫర్ చెట్టు ఉండేది. గ్వాటెమాలా దేశపు కొండల మీద, ఏడాది పొడుగునా మబ్బులు కూర్చుని ఉండే అడవుల్లో పుట్టిన జాతి. అక్కడ క్రిస్మస్ కోసం కొమ్మలు నరికీ నరికీ దాన్ని కరువు చేసేశారట. ఎనభై ఏళ్ల కింద ఎవరో ఒక మొక్కను తెచ్చి ఈ కొండ మీద నాటారు. పొద్దుటిపూట పొగమంచు దిగితే ఈ కొండ కూడా మబ్బు అడవిలాగే ఉంటుంది కాబట్టి అది బతికింది. బతకడం కాదు, తొమ్మిదంతస్తుల ఎత్తు లేచింది. దాని ఆకు సూదిలా ఉంటుంది గానీ గుచ్చుకోదు. పైన ముదురాకుపచ్చ, తిప్పి చూస్తే వెండి గీతలు. నలిపితే నారింజ తొక్క వాసన. మంచు పట్టిన రోజున ఆ సూదులన్నీ మబ్బులోంచి నీళ్లు దువ్వుకుని కిందకి రాలుస్తాయి. చుట్టూ నేల పొడిగా ఉంటే దాని కింద మాత్రం వాన పడుతూ ఉంటుంది. నేను ఈ ఉద్యోగంలో ఆగిపోవడానికి సగం కారణం ఆ వాన.

ఆ చెట్టు చచ్చిపోతోంది. వేరు కుళ్లు. జూన్ నుంచి మొదలయ్యే ఇక్కడి చలికాలం గాలులకు రోడ్డు మీద పడుతుందని, ఏప్రిల్‌లో కొట్టెయ్యాలని తీర్మానం అయిపోయింది. మా హెడ్ గార్డెనర్ హెలెన్, అరవై దాటిన మనిషి, మూడేళ్లు అందరితో పోట్లాడి ఓడిపోయింది. అయితే పోయేముందు చెట్టు ఒక పని చేసింది. ఏడేళ్లుగా కాయని చెట్టు ఆ సెప్టెంబర్ వసంతంలో తలనిండా కాపు ఎత్తుకుంది. కోన్ అంటారు గానీ నేను కాయ అనే అంటాను. ఫర్ కాయలు వేలాడవు. కొమ్మ మీద నిటారుగా, ఊదారంగులో, పేర్చిన దీపాల్లా నిలబడతాయి.

చిక్కల్లా ఒకటే. ఒంటరి చెట్టు. సొంత పుప్పొడి పడితే గింజ కడుతుంది గానీ లోపల ఏమీ ఉండదు. దేశం మొత్తం వెతికితే జతకు పనికొచ్చే ఇంకో చెట్టు టాస్మేనియాలో ఒకరి తోటలో దొరికింది. అందుకని సెప్టెంబర్ చివర్లోనే, ఈ చెట్టు పుప్పొడి రాలకముందే, అందినంతమేర ముప్పై ఎనిమిది ఆడకాయలకు కాగితపు సంచులు తొడిగాం. టాస్మేనియా పుప్పొడి వస్తే వాటిలోకి ఊదాలి. అదే ఆఖరి అవకాశం. ఈ కాపు తాలు పోతే ఆ చెట్టు వంశం ఈ దేశంలో ఆ ఏప్రిల్‌తో సరి.

పుప్పొడి అక్టోబర్‌లో ఒక శుక్రవారం కొరియర్‌లో వచ్చింది. ఫ్రీజర్లో ఉంచాలి. తోటలో ఫ్రిజ్ ఆ వారమే మొరాయించింది. "మీ ఇంట్లో పెట్టు, సోమవారం తీసుకురా," అంది హెలెన్. పైన రేకు కవరు, దాని మీద పేరు, హెచ్చరిక అన్నీ ఉన్నాయి. లోపల రెండు చిన్న జిప్ ప్యాకెట్లు. రేకు కవరు మా ఫ్రీజర్లో పట్టలేదు. మనవాళ్ల ఫ్రీజర్ సంగతి తెలిసిందే కదా, గోంగూర దగ్గర్నుంచి మునక్కాడల దాకా కిక్కిరిసి ఉంటుంది. కవరు తీసి పారేసి, ఆ రెండు ప్యాకెట్లనూ ఒక స్టీలు డబ్బాలో పెట్టి మూతపెట్టాను. ఇంత తెలివైన పని చేశానని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

మర్నాడు శనివారం బతుకమ్మ. మా కాలనీ వాళ్లందరిదీ సాయంత్రం పార్కులో. పేర్చడం మా వంటింట్లో, వీధిలోని ఆడవాళ్లు నలుగురు వచ్చి కూర్చున్నారు. తంగేడు ఎక్కడ దొరుకుతుంది ఇక్కడ? బదులు కొండ మీంచి నేను తెచ్చిన పసుపుపచ్చ వాటిల్ పూలు, షాపులో కొన్న చామంతులు. అత్తమ్మ నేల మీద బాసింపట్టు వేసుకుని వరుసలు తిప్పుతోంది. నేను సింకు దగ్గర పూలు కడుగుతున్నాను. రత్నకుమారి ఆంటీ గౌరమ్మను చేసే పని మీదేసుకుంది.

"మాకు బతుకమ్మ లేకపోతే మాత్రం ఏవైంది? పసుపు గౌరమ్మని చెయ్యడం మాకు రాదేంటి?" అంటూ పోపులపెట్టె తీసింది. "అయ్యో, పసుపు అడుక్కొచ్చేసిందే సాయిప్రియా!"

"ఫ్రీజర్లో ఉంది ఆంటీ. అత్తమ్మ తెచ్చింది. స్టీలు డబ్బా," అన్నాను, తల తిప్పకుండా.

ఫ్రీజర్లో స్టీలు డబ్బాలు రెండున్నాయని నాకు గుర్తుంటే ఈ కథే లేదు.

కాసేపటికి ఆంటీ గొణుగుడు వినిపించింది. "ఇదేం పసుపమ్మా, నీళ్లు పోస్తే తడవట్లేదు. పైకి తేలిపోతోంది. ఇండియాలో పసుపు కూడా కల్తీ చేసేస్తున్నారు, ఖర్మ." ఇంకో గ్లాసు నీళ్లు పట్టుకుంది.

అత్తమ్మ లేచి పళ్లెం దగ్గరికి వెళ్లింది. అంచున పొడిగా ఉన్నచోట చిటికెడు తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి, వెలుతురుకు పెట్టి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుంది.

"రత్నమ్మా, నీళ్లు ఆపు! ఇది పసుపు గాదు. పుప్పొడి."

నా చేతిలో జల్లెడ సింకులో పడింది. తడి చేతులతో పరుగెత్తుకెళ్లి పళ్లెం చూశాను. ఒక ప్యాకెట్ ఖాళీ. పళ్లెంలో ముప్పావు వంతు ముద్దముద్దగా నీళ్లలో.

"అది నా చెట్టుది!" అని అరిచాను. అరుస్తూనే ఏడ్చేశాను. నలుగురు ఆడవాళ్లు పూలు చేతుల్లో పట్టుకుని నన్నే చూస్తున్నారు. నాకప్పుడు ఇస్త్రీ చొక్కా గుర్తు రాలేదు, శ్రీకర్ గుర్తు రాలేదు. మొత్తం చెప్పేశాను. చెట్టు, టాస్మేనియా, సంచులు, ఏప్రిల్. చివర్లో, "నేను ఆఫీసులో చెయ్యను అత్తమ్మా. తోటలో చేస్తాను. చెట్లెక్కే పని," అన్నాను.

అత్తమ్మ నా మాటలు వింటోందో లేదో తెలియలేదు. ఒక పెళ్లి కార్డు తీసుకుని, దాని అంచుతో పళ్లెంలో తడవని పుప్పొడిని ఒక్క రేణువు పోకుండా పేపరు మీదికి లాగుతోంది. అది మడిచి, రెండో ప్యాకెట్‌తో కలిపి డబ్బాలో పెట్టి, ఫ్రీజర్ తలుపు వేశాక అప్పుడు నా వైపు తిరిగింది.

"నీ గోర్లళ్ల మట్టి వచ్చిన మొదటి వారంల్నే చూసిన బిడ్డా. ఆఫీసుల మట్టేడుంటది? నువ్వే చెప్తవని ఊకున్న."

రత్నకుమారి ఆంటీ నాకంటే ఎక్కువ ఏడ్చింది. ఆవిణ్ని ఓదార్చడానికే పావుగంట పట్టింది. కళ్లు తుడుచుకుంటూ, "మీరు చూడగానే పుప్పొడని ఎలా కనిపెట్టారండీ వదినగారూ?" అని అడిగింది.

"పత్తి చేన్లు గదమ్మా మాయి," అంది అత్తమ్మ, చామంతులు చూసుకుంటూ.

గౌరమ్మకు పసుపు ఆంటీ వాళ్లింటి నుంచి వచ్చింది. సాయంత్రం పార్కులో అందరూ పాడుతుంటే నేను ఒక చెట్టు వెనక నిలబడి హెలెన్‌కు ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను. "మిగిలిందా కొంచెమైనా?" అంది ఆమె. సగం కంటే కొంచెం ఎక్కువ ఉందన్నాను. పిచికారీతో సంచుల్లోకి ఊదితే అది ఎన్ని కాయలకు వస్తుందో లెక్క వేసి, "పదిహేను, మహా అయితే," అంది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆదివారం పొద్దున ఉప్మా తింటూ అత్తమ్మ అడిగింది. "ఆ చెట్టుకు ఆడియి ఎన్ని?"

"ముప్పై ఎనిమిది."

"ఊదుతరా? ఊదితె గాలికి పోయేదే ఎక్కువుంటది."

శ్రీకర్ తలెత్తాడు. "అమ్మా, నీకెందుకవన్నీ? సాయి ఆఫీస్‌లో ఎక్స్‌పర్ట్స్ ఉంటారు."

"ఆఫీసు లేదంట గదరా," అంది అత్తమ్మ. శ్రీకర్ ఉప్మాలోకి తల దించుకున్నాడు. "సోమారం నేనొస్త బిడ్డా. నీ చెట్టు చూస్త."

సోమవారం కొండ మీద మంచు కమ్ముకుని ఉంది. అత్తమ్మ నా పాత రెయిన్ కోటు చీర మీద తొడుక్కుని, హ్యాండ్‌బ్యాగ్ చంకన పెట్టుకుని మలుపు దాకా నడిచింది. చెట్టు కింద అడుగు పెట్టగానే ఆగిపోయింది. బయట వాన లేదు. చెట్టు కింద టపటపా పడుతోంది. అరచేయి చాపి ఆ నీళ్లు పట్టింది. తలెత్తి కొస కనిపించేదాకా చూద్దామనుకుంది గానీ కొస మబ్బులో ఉంది.

"దీనికి ఎవ్వరూ నీళ్లు పెట్టనక్కర్లే. తనకు తనే తోడుకుంటది. ఇసొంటిదాన్ని ఎట్ల కొట్టబుద్దయితది వీండ్లకు?" అని మాను మీద చెయ్యి వేసింది. ఆ తర్వాత ఆమె దాన్ని మబ్బు చెట్టు అనే పిలిచింది.

హెలెన్ వచ్చింది. పరిచయం చేశాను. అత్తమ్మ నమస్కారం పెట్టి, నన్ను మధ్యలో పెట్టుకుని నేరుగా పనిలోకి దిగింది.

"ఊదొద్దని చెప్పు. అద్దుదామని చెప్పు. ఒక మగపువ్వుతోని ఐదు ఆడపువ్వులకు సరిపెట్టేది తెలుసు నాకు. ఈ చెట్టు నాకు తెల్వదు, అది గూడ చెప్పు. కానీ పుప్పొడి పుప్పొడే."

హ్యాండ్‌బ్యాగ్ తెరిచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. దీపారాధనకు ఊరి నుంచి తెచ్చుకున్న పువ్వొత్తులు. కింద గుండ్రంగా, పైన మొనతేలి, చేత్తో చేసినవి. ఒకటి తీసి మొన కొంచెం విప్పి హెలెన్ చేతి వెనక మెత్తగా రాసింది. హెలెన్ ఆ వత్తి వంక చూసింది, అత్తమ్మ వేళ్ల వంక చూసింది. ఏమనుకుందో, వాలంటీర్ ఫారం తెమ్మని నన్ను ఆఫీసు గదికి పంపింది.

ఆ రోజు చెయ్యలేదు. కొమ్మల దాకా లేచే లిఫ్టు బుట్టలో ముగ్గురం పైకి వెళ్లాం. అత్తమ్మకు బెల్టు బిగించాను. ఆమె బుట్ట అంచు పట్టుకుని ఏదో అమ్మవారి పేరు గొణుక్కుంది గానీ కళ్లు మూసుకోలేదు. ఒక సంచి కొద్దిగా తెరిచి చూపించాను. కాయ పొలుసులు దగ్గరగా అంటుకుని ఉన్నాయి.

"ఇంక నోరు తెరవలే," అంది. హెలెన్ భూతద్దంతో చూసి తనూ అదే చెప్పింది. మంగళవారం వాన. బుధవారం ఎండ కాసింది. పది గంటలకు మళ్లీ తెరిచి చూస్తే పొలుసుల మధ్య సన్నటి సందులు. ఇద్దరూ ఒకేసారి నా వైపు తిరిగారు. ఒకరు తెలుగులో, ఒకరు ఇంగ్లీషులో, "ఇప్పుడు," అన్నారు.

మొదటి ఎనిమిది కాయలకు హెలెన్ తన పద్ధతిలోనే పిచికారీతో ఊదింది. ఆమె నియమం ఆమెది. దానికే ఉన్నదాంట్లో సగం అయిపోయింది. మిగిలిన ముప్పైకి మిగతా సగం.

అత్తమ్మ పని చూడటం నాకదే మొదటిసారి. వంటింట్లో చూసిన మనిషి కాదు. కొంగు నడుముకు దోపి, వత్తి మొనతో పుప్పొడి ఇంతే ఇంత అందుకుని, సంచి నోట్లో చెయ్యి పెట్టి, కాయ చుట్టూ కింది నుంచి పైకి మెట్లు ఎక్కుతున్నట్టు అద్దుకుంటూ పోతుంది. ఎక్కడా తొందర లేదు, ఎక్కడా రెండోసారి లేదు. ఒక కాయకు రెండు నిమిషాలు. అయిపోగానే సంచి మూసి, కాడకు ఎర్ర ఊలు దారం ముడి వేస్తుంది. బతుకమ్మ కోసం తెచ్చిన ఊలు అది. "దారం కట్టందే పని అయినట్టు గాదు," అంది. హెలెన్ నంబర్లు కొట్టిన రేకు ముక్కలు కూడా కట్టింది. అత్తమ్మ వాటిని పట్టించుకోలేదు.

సందు సరిగ్గా తెరుచుకోని పొలుసు ఎదురైతే కుడి బొటనవేలి గోరు ఆనించి, పగలకుండా, గీరుకోకుండా, వెంట్రుకవాసి జరిపేది. ఆ గోరు ఎందుకో నాకప్పుడు తెలిసింది. ఇది చేలు చూసుకునే యజమానురాలి చెయ్యి కాదు. నేను తర్వాతి సంచి విప్పి పట్టుకున్నాను.

ముప్పయ్యో కాయకు దారం కట్టేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. పేపరు మడతలో ఇంకా చిటికెడు పుప్పొడి మిగిలింది. హెలెన్ ఆ చిటికెడు వంక చూస్తూ నిలబడిపోయింది. తరవాత తన థర్మాస్‌లో టీ అత్తమ్మకు పోసి ఇచ్చింది. చక్కెర లేని టీ. అత్తమ్మ మొహం చిట్లించకుండా తాగడం కూడా నాకు గొప్పగానే తోచింది.

తిరుగుదారిలో కారు ఫ్రీవే ఎక్కాక అత్తమ్మ అంది. "పద్దెనిమిదేండ్లు చేసిన."

నేను రోడ్డే చూస్తున్నాను.

"సీడు పత్తి మాది గాదు. ఆర్గనైజరుది, కంపెనీకి విత్తనం పండించి ఇచ్చేటోనిది. సాయంత్రం మొగ్గను గోరుతోని గీరి మగది తీసెయ్యాలె, పొద్దుగాల వేరే పువ్వు పుప్పొడి అద్దాలె, క్రాసింగ్ అంటరు దాన్ని. కాలు నిలవని చేన్ల, నడుం వంచి. శ్రీకరు కడుపుల ఉన్నప్పుడు గూడ పోయిన. వాని చదువు దాంట్లకెల్లే. మీ పెండ్లప్పుడు వాడు బిజినెస్ అని చెప్పిండు, నేను కాదనలే. ఎవరన్న కూలి అంటరని." సీటు బెల్టు సర్దుకుని, "నీ గోర్ల మట్టి చూసినంక నాకు భయమైంది. ఇంత చదివి ఈ పిల్ల గూడ కూలికే పోతున్నదా అని. ఇయ్యాల చూసిన. నువ్వు కూలికి పోతలేవు బిడ్డా. నీ చెట్టు కాడికి నువ్వు పోతున్నవ్."

మా ఇంటి దారి చూపే క్రెయిగీబర్న్ బోర్డు దగ్గర కారు తిప్పాను. "సాయంత్రం బజ్జీలు వేసుకుందామా అత్తమ్మా?" అన్నాను. "వేద్దాం," అంది. ఆ రోజు నుంచి బూట్లు డిక్కీలో కాక ఇంటి గుమ్మం దగ్గరే విడవసాగాను. శ్రీకర్ ఆ బూట్లు చూసి ఏదో అనబోయాడు. వాళ్లమ్మ, "దుమ్ము దులిపి పక్కకు పెట్టురా," అంది. పెట్టాడు.

వేసవి కష్టంగా గడిచింది. జనవరిలో నలభై రెండు డిగ్రీలు కాసిన రోజున చెట్టు ఒక వైపంతా ఎర్రబడింది. హెలెన్, నేను గొట్టాలతో తడుపుతూ కూర్చున్నాం. గంటకోసారి అత్తమ్మ ఫోన్. "మబ్బు చెట్టు ఎట్లున్నది?" ఫిబ్రవరిలో కాకటూ గుంపు దిగింది. తెల్లటి రెక్కలు, పచ్చటి జుట్టు, చూడ్డానికి ముచ్చటైన పక్షులే గానీ కత్తెర ముక్కులు. మేం కట్టిన వలలు చించి పదిహేడు కాయలు పీకి పారేశాయి. మిగిలినవాటి రేకు ముక్కల్ని కూడా సరదాకి కొరికి విరగ్గొట్టాయి. ఇప్పుడు ఏ కాయ ఏదో ఎలా తెలియాలి? తెలిసింది. ఊలు దారాలు మాత్రం వాటికి రుచించలేదు. ఇరవై ఒక్క కాయలు మిగిలితే పదహారింటికి ఎర్ర ముడులు అలాగే ఉన్నాయి.

ఫర్ కాయ నేల మీద రాలదు. పండగానే కొమ్మ మీదే పొడిపొడిగా విడిపోయి గింజలు గాలికి పోతాయి. అందుకని ఒకటి రెండు వారాల ముందే కోసి, నీడలో ఆరబెట్టాలి. అత్తమ్మ తిరుగు ప్రయాణం మార్చి మొదటి శనివారం. "గురువారం కోద్దాం," అంది హెలెన్, నాతో. "ఆమె ఉండగా."

షెడ్డులో బల్ల మీద ఇరవై ఒక్క కాయలు. హెలెన్ తను ఊదినవాటిలోంచి ఒక కాయ విప్పి, పది గింజలు వరసగా పేర్చి, చిన్న కత్తితో ఒక్కొక్కటే కోసింది. తాలు. తాలు. నిండు. తాలు. పదికి మూడు నిండాయి. ఆమె ఊపిరి వదిలింది. పదికి ఒకటి వచ్చినా చాలనుకున్నాం మేము. కత్తి అత్తమ్మకు ఇవ్వబోయింది.

అత్తమ్మ కత్తి తీసుకోలేదు. ఎర్ర దారం కాయ ఒకటి తీసుకుని, విప్పి, రెక్క ఉన్న గింజను అరచేతిలో పెట్టుకుని, కుడి బొటనవేలి గోరు ఆనించి నొక్కింది. లోపల ఖాళీ. ఆమె మొహం చూడలేక నేను బల్ల చూశాను. రెండోదీ ఖాళీ. మూడోది పగిలినప్పుడు మాత్రం షెడ్డంతా ఒక్కసారి జిగురు వాసన, నారింజ తొక్క వాసన కొట్టింది. తలెత్తాను. గోరు మీద బియ్యపు నూకంత తెల్లటి పప్పు.

"నిండింది," అంది అత్తమ్మ, చాలా మెల్లగా.

పదికి నాలుగు. హెలెన్ అత్తమ్మను గట్టిగా వాటేసుకుంది. అత్తమ్మకు అలవాటు లేని పని కాబట్టి చేతులు రెండూ గాలిలో పెట్టి నిలబడింది. తరవాత ఒక చెయ్యి హెలెన్ వీపు మీద వేసింది. ఇంకా కొయ్యడానికి మాత్రం అత్తమ్మ ఒప్పుకోలేదు. "బతికే గింజను ఎన్ని కోస్తరు, చాలు ఊకోండి," అంది.

గింజల కవరు మీద అచ్చు వేసిన గీతలుంటాయి. తల్లి చెట్టు ఎక్కడిది, పుప్పొడి ఎక్కడిది, తేదీ. ఆఖరి గీత, పుప్పొడి చేర్చింది ఎవరు. హెలెన్ పెన్ను అత్తమ్మ ముందు పెట్టింది. ఏం రాయాలో చెప్పాను.

"నా పేరా?" అంది. "మా సీడు సంచుల మీద కంపెనీ పేరుంటుండె. క్రాసింగ్ చేసినోళ్ల పేరు ఏడ రాసిండ్రు?"

కూర్చుని, కవరును ఎడమ చేత్తో కదలకుండా పట్టుకుని, ఒక్కో అక్షరం ఆగి ఆగి రాసింది. అలివేలు. పెన్ను నాకు ఇవ్వబోయి, మళ్లీ ఆగింది.

"పక్కన ఏం పని చేస్తరో గూడ రాయాల్నా?"

"రాయొచ్చు అత్తమ్మా. సీడ్స్..." అని మొదలుపెట్టాను.

"వద్దు. రత్నమ్మకు చెప్పింది రాయకు. క్రాసింగ్ కూలి అని రాయి. గద్వాల అని రాయి. మనదాంట్లనే రాయి."

నేను రాశాను. హెలెన్ ఏమిటని అడిగితే చెప్పాను. ఆమె కవరు తీసుకుని ఎర్ర దారం కాయల పక్కన జాగ్రత్తగా పెట్టింది.

చెట్టును ఏప్రిల్ రెండో వారంలో కొట్టేశారు. ఆ రోజు నేను సెలవు పెట్టలేదు. తాడు పట్టుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. గింజలకు చలి తగలాలి కాబట్టి అవి మూడు నెలలు ఫ్రిజ్‌లో ఉన్నాయి, ఈసారి తోట ఫ్రిజ్‌లోనే, రేకు కవరుతో సహా. సెప్టెంబర్‌లో మొలిచాయి. ఇప్పుడు గ్రీన్‌హౌస్‌లో నూట పన్నెండు కుండీలున్నాయి. ఒక్కోటి వేలెడు ఎత్తు. అందులో ఎనిమిది వచ్చే ఏడు టాస్మేనియా చెట్టు దగ్గరికి వెళ్తాయి. ప్రతి కుండీకీ హెలెన్ ఒక చీటీ గుచ్చింది. చెట్టు పేరు, ఊళ్ల పేర్లు ఇంగ్లీషులో. చివరి వరస మాత్రం కవరు మీద ఎలా ఉందో అలాగే ఫొటో తీసి అచ్చు వేయించింది. పేరు అత్తమ్మ చేతిరాతలో, మిగతాది నా రాతలో.

తోట చూడటానికి వచ్చేవాళ్లు వంగి ఆ అక్షరాలు చూసి, ఇది ఏ భాష, ఏం రాసి ఉందని అడుగుతారు. నేను చేతిలో పని పక్కన పెట్టి, మట్టి చేతులతోనే, గట్టిగా చదివి వినిపిస్తాను. అలివేలు, క్రాసింగ్ కూలి, గద్వాల.